ఒక్కో కన్నూ విడిగా చూసుకోండి: చూపు అనుకోకుండా తగ్గినప్పుడు చేయవలసినవి

మనకు రెండు కళ్ళుండడంలో ఒక చిక్కు ఉంది: ఒకటి పాడవుతున్నా రెండోది ఆ లోటును కప్పేస్తుంది. ఎడమ కంట్లో నలుసు పడి నులుముకుంటున్న క్షణంలో, కుడి కంటితో ఎదుటి మనిషి ముఖం ఆనడం లేదని మొదటిసారి గమనించి, "నిన్న పోయింది డాక్టరుగారూ" అంటూ ఆసుపత్రికి వచ్చేవారు ఎందరో ఉంటారు. నిజానికి ఆ చూపు పోయి ఆరు నెలలు దాటి ఉండవచ్చు. శుక్లాలు, మధుమేహం, నీటికాసుల గురించి మన ఇళ్ళలో కొంతైనా తెలుసు కాబట్టి వాటిని ఇక్కడ వివరించడం లేదు. అంతగా తెలియని కారణాల వల్ల చూపు తగ్గినప్పుడు ఇంట్లో ఏం పరీక్షించుకోవాలి, ఏ లక్షణానికి ఎంత వేగంగా కదలాలి, వైద్యుణ్ణి ఏం అడగాలి అన్నదే ఈ వ్యాసంలో విషయం. "అద్దాలు మారిస్తే సరిపోతుంది", "వయసు వచ్చింది, శుక్లం అయ్యుంటుంది" అనే రెండు మాటలను కాసేపు పక్కన పెట్టి చదవండి.

మొదట ఇంట్లో చేసుకోవలసిన పరీక్ష

మీరు రోజూ వాడే కళ్ళజోడు పెట్టుకోండి. అరచేతిని గిన్నెలా వంచి ఒక కన్ను మూయండి. వేళ్ళతో మూస్తే సందుల్లోంచి కనిపిస్తుంది. కంటిని గట్టిగా నొక్కితే, చేయి తీశాక కొంతసేపు ఆ కన్నే మసకగా ఉండి పరీక్ష తప్పుదారి పడుతుంది. గోడ మీది క్యాలెండరును ఒకే చోట నిలబడి, ఒక్కో కంటితో చదివి, ఏ వరుస వరకు ఆనుతోందో తేదీతో సహా రాసిపెట్టుకోండి. తరువాత తలుపు చట్రాన్నో, స్నానాల గది పలకల మధ్య గీతలనో చూడండి. గీత మధ్యలో వంకరపోయినట్టు కనిపిస్తే, కంటి వెనుక గోడకు తెరలా ఉండే రెటీనా పొరలో చూపుకు కేంద్రమైన నడిమి భాగంలో వాపో నీరో చేరిందని అనుమానించాలి. స్విట్జర్లాండుకు చెందిన ఆమ్‌స్లర్ అనే కంటి వైద్యుడు ఇందుకోసమే ఒక గళ్ళ పటం తయారుచేశాడు. పిల్లల లెక్కల నోటుబుక్కులోని గళ్ళ కాగితం మధ్యలో ఒక చుక్క పెట్టి, ముప్పై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, దగ్గరి చూపు అద్దాలతో ఆ చుక్కనే చూస్తూ చుట్టూ ఉన్న గళ్ళు చెదిరాయేమో గమనిస్తే ఇంట్లో ఆ పని జరుగుతుంది.

రంగును కూడా పరీక్షించండి. కుంకుమ భరిణె చాలు. ఒక కంటికి నిండు ఎరుపుగా, రెండో కంటికి వెలిసిన ఇటుక రంగులా కనిపిస్తే కంటి నరంలో లోపం ఉండే అవకాశం ఎక్కువ. అక్షరాలు ఇంకా బాగానే చదవగలుగుతున్నప్పుడే ఈ తేడా బయటపడుతుంది కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు.

మరొక పరీక్షకు దళసరి కాగితం, గుండుసూది కావాలి. కాగితానికి ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి, అందులోంచి దూరంగా ఉన్న అక్షరాలను చూడండి. మసక అక్షరాలు రంధ్రంలోంచి స్పష్టపడితే లోపం చాలావరకు కంటి ముందు భాగం కాంతిని మళ్ళించే తీరులో ఉన్నట్టు. రంధ్రంలోంచీ అంతే మసకగా ఉంటే రెటీనా, నరం, మెదడు వైపు ఆలోచించవలసి ఉంటుంది; శుక్లం ముదిరినా ఇలాగే ఉండవచ్చు. రంధ్రంతో చూపు బాగుపడింది కదా అని నిశ్చింతగా ఉండకూడదని చెప్పడానికి కెరటోకోనస్ ఒక్కటి చాలు. ఇందులో నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అంటే కార్నియా, పలచబడి శంకువులా ముందుకు ఉబ్బుతుంది. పదిహేను నుంచి ఇరవై ఐదేళ్ళ లోపువారిలో ఎక్కువగా కనిపిస్తుంది. ప్రతి ఆరు నెలలకూ అద్దాల నంబరు మారుతోందంటే, రాత్రి దీపం చుట్టూ నీడలుగా రెండు మూడు దీపాలు కనిపిస్తున్నాయంటే, పిల్లవాడు దురదతో కళ్ళు నులుముకుంటూనే ఉంటాడంటే, కార్నియా వంపును కొలిచే టోపోగ్రఫీ పరీక్ష చేయించండి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో రూపొంది 2003లో వైద్య పత్రికకెక్కిన క్రాస్‌లింకింగ్ చికిత్సలో రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతితో కార్నియాను గట్టిపరుస్తారు. అది ఉబ్బును అక్కడితో ఆపుతుంది గాని పోయిన చూపును పూర్తిగా తిరిగి ఇవ్వదు కాబట్టి ఆరు నెలల ఆలస్యం కూడా నష్టమే. ఆ దురదను తగ్గించి, నులుముకోవడం మాన్పించడం చికిత్సలో సగభాగం.

ఒక కన్నా, ఒక వైపా?

"కుడి కన్ను కనిపించడం లేదు" అనే మాటను తేల్చుకోకుండా వదలకూడదు. ఎడమ కన్ను మూసి చూసినా, కుడి కన్ను మూసి చూసినా, రెండుసార్లూ కుడి వైపు వస్తువులే మాయమవుతుంటే పోయింది కన్ను కాదు, దృష్టిలోని కుడి సగం. లోపం మెదడు ఎడమ భాగంలో, చాలాసార్లు వెనుక భాగంలో ఉంటుంది. ఇలాంటివారు గుమ్మానికి ఒకే భుజం తగిలించుకుంటూ ఉంటారు. కుడి సగం పోయినవారికి చదువుతున్న వాక్యం తరువాతి మాట అందదు. ఎడమ సగం పోయినవారికి కొత్త పంక్తి ఎక్కడ మొదలైందో దొరకదు. అద్దాల దుకాణంలో ఎన్ని కటకాలు మార్చినా ఈ లోటు తీరదు. అకస్మాత్తుగా వస్తే ఇది పక్షవాతం లాంటిదే. చేయి, కాలు బాగా ఆడుతున్నాయి కదా అని ఆగకుండా అదే వేగంతో మెదడు స్కానింగు ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

దీనికి భిన్నంగా, కుడి కంటితో చూస్తే కుడి పక్క, ఎడమ కంటితో చూస్తే ఎడమ పక్క తగ్గుతుంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉండి, కంటి నరాలు కలిసే చోట ఒత్తుతూ ఉండవచ్చు. ఆడవారిలో నెలసరి ఆగడం, ఎవరిలోనైనా ఉంగరాలు, చెప్పులు బిగుతవడం వంటివి దీనికి తోడైతే ఆ సంగతి కూడా వైద్యుడికి చెప్పండి. కంటికీ చెప్పు కొలతకూ సంబంధమేమిటని చెప్పడం మానేసేవారే ఎక్కువ.

ఎంత వేగంగా తగ్గిందో రాసుకోండి

వైద్యుడికి మీరు ఇచ్చే సమాచారంలో ఇంతకంటే విలువైనది లేదు. క్షణాల్లో పోయిందా, రోజుల్లోనా, వారాల్లోనా, ఏళ్ళ మీదా? నొప్పి ఉందా లేదా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఉంటే సగం దారి కనిపిస్తుంది.

క్షణాల్లో, నొప్పి లేకుండా, దీపం ఆర్పినట్టు ఒక కన్ను పోతే రెటీనాకు రక్తం తెచ్చే ధమని మూసుకుపోయి ఉండవచ్చు. దీన్ని కంటికి వచ్చిన పక్షవాతం అనుకోవాలి. రక్తం అందని రెటీనా కొన్ని గంటలకు మించి బతకదు. అందువల్ల మరునాటి అపాయింట్‌మెంటు కోసం చూడకుండా, పక్షవాతానికి చికిత్స చేసే ఆసుపత్రికి వెంటనే వెళ్ళి, చూపు పోయిన గంట, నిమిషం చెప్పండి. ఐదు పది నిమిషాల తరువాత చూపు దానంతట అదే తిరిగి వచ్చినా వెళ్ళండి. అది నయమవడం కాదు, మెడలోని ధమని నుంచో గుండె నుంచో రక్తపు గడ్డలు కదులుతున్నాయనే హెచ్చరిక కావచ్చు. యాభై దాటినవారిని మరి మూడు విషయాలు అడగాలి: తల దువ్వుకుంటే కణత దగ్గర మాడు నొప్పిగా ఉందా, నమిలేటప్పుడు దవడ పీకుతోందా, ఈ మధ్య బరువు తగ్గారా? ఇవి ఉంటే జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అనే ధమనుల వాపును అనుమానిస్తారు. మన దేశంలో అరుదే. కాని ఒక కన్ను పోయిన కొద్ది రోజుల్లోనే రెండో కన్నూ పోగల జబ్బు కాబట్టి, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే, ఒంట్లోని వాపును పట్టించే రక్త పరీక్షలు పంపి, ధమని ముక్క తీసి చూసే బయాప్సీ ఫలితం కోసం ఆగకుండానే స్టెరాయిడ్లు మొదలుపెడతారు.

మెరుపులు, కొత్తగా గుంపులుగా నల్ల చుక్కలు, ఆపై ఒక పక్క నుంచి తెర దిగుతున్నట్టు నీడ. ఈ వరుసలో వస్తే రెటీనా చిరిగి ఊడుతోందని అనుకోవాలి. మైనస్ నంబరు ఎక్కువున్నవారు, శుక్లం ఆపరేషన్ అయినవారు, కంటికి దెబ్బ తగిలినవారు ఈ గుర్తులను మరీ గుర్తుంచుకోవాలి. చిరుగును మూస్తే రెటీనా తిరిగి అతుక్కుంటుందని లోజాన్ నగరపు వైద్యుడు జూల్ గోనాఁ ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో చూపించేదాకా ఈ జబ్బుకు మందే లేదు. ఇప్పుడు, కేవలం చిరుగు దశలోనే దొరికితే లేజరుతో పని ముగుస్తుంది. నడిమి భాగం ఊడకముందే ఆపరేషన్ జరిగితే చదివే చూపు నిలిచే అవకాశం బాగా ఉంటుంది. నీడ ఇంకా మధ్యకు రాలేదంటే సమయం మిగిలి ఉందని అర్థం. దాన్ని పండగ ముగిసేదాకా వాయిదా వేయడానికి వాడుకోవద్దు.

ఇరవై ముప్పై ఏళ్ళ ఆరోగ్యవంతుడైన యువకుడికి కంట్లో ఉన్నట్టుండి సాలెగూడో, ఎర్రటి పొగో కమ్మినట్టయితే ఈల్స్ వ్యాధిని గుర్తుకు తెచ్చుకోవాలి. హెన్రీ ఈల్స్ అనే ఆంగ్ల వైద్యుడు 1880లో వర్ణించిన ఈ జబ్బు మన దేశంలో ఎక్కువగా కనిపిస్తుంది, క్షయ క్రిమి పట్ల శరీరం చూపే ప్రతిస్పందనతో దీనికి సంబంధం ఉందని భావిస్తారు. రెటీనా అంచున రక్తనాళాలు వాచి, మూసుకుపోయి, వాటి చోట పెళుసు నాళాలు మొలిచి చిట్లుతాయి. ఆసుపత్రికి చేరేదాకా తల కింద ఎత్తు పెట్టుకుని పడుకుంటే కంట్లోని రక్తం కిందికి దిగుతుంది. రక్తం కరిగి చూపు వచ్చిందని తరువాతి పరీక్ష మానేసేవారికే ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంది.

రోజుల వ్యవధిలో తగ్గుతూ, కన్ను కదిపినప్పుడు లోపల నొప్పి, ఎరుపు వెలిసినట్టు కనిపించడం ఉంటే కంటి నరం వాపు కావచ్చు. వేడినీళ్ళ స్నానం తరువాత మసక పెరగడం దీని వింత లక్షణం. ఇందులో ఒక జాగ్రత్త చెప్పాలి. 1992లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశోధనలో, మామూలు మోతాదు స్టెరాయిడ్ మాత్రలు ఒక్కటే వాడినవారికి వాపు మళ్ళీ రావడం ఎక్కువైందని తేలింది. రక్తనాళం ద్వారా ఎక్కించిన స్టెరాయిడ్ మందుతో కోలుకోవడం త్వరపడింది. కాబట్టి తెలిసిన మందుల షాపులో మాత్రలు తెచ్చి మింగవద్దు. రెండు కళ్ళూ ఒకేసారి దెబ్బతిన్నా, కాళ్ళలో తిమ్మిరి, ఆగని వెక్కిళ్ళు వంటివి తోడైనా, శరీర రక్షణ వ్యవస్థ కంటి నరాల మీద, వెన్నుపాము మీద తిరగబడే జబ్బులను పట్టించే ఆక్వాపోరిన్-4, మాగ్ (MOG) ప్రతిదేహాల పరీక్షలు అవసరమా అని న్యూరాలజిస్టును అడగండి.

నొప్పి లేకుండా, వారాల్లో, ఒకదాని వెంట మరొకటి

ఈ చిత్రాన్ని విడిగా చెప్పుకోవాలి. దీన్ని చాలామంది, కొన్నిసార్లు వైద్యులు కూడా, నరం వాపుగా పొరబడి నెలల తరబడి స్టెరాయిడ్లు ఇస్తారు. పద్దెనిమిది, ఇరవై ఐదేళ్ళ యువకుడికి ఒక కంటి నడిమి చూపు నొప్పి లేకుండా మసకబారుతుంది. ముఖం వైపు చూస్తే ముఖమే కనిపించదు, చెవులు, భుజాలు కనిపిస్తాయి. కొన్ని వారాలకో నెలలకో రెండో కన్నూ అదే దారి పడుతుంది. జర్మన్ వైద్యుడు తియొడోర్ లేబర్ 1871లో వివరించిన వంశపారంపర్య కంటి నరం జబ్బు ఇది. కణాలకు శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల సొంత డీఎన్ఏలో 11778, 14484, 3460 అనే సంఖ్యలతో పిలిచే మూడు మార్పులు దీనికి ముఖ్య కారణాలు. మైటోకాండ్రియా డీఎన్ఏలోని ఒకే ఒక్క అక్షరం మార్పు జబ్బుకు మూలమని మొదటిసారి తేలింది కూడా ఇందులోనే, 1988లో.

ఇక్కడ మీరు చేయవలసిన పని కుటుంబాన్ని ఆరా తీయడం. మైటోకాండ్రియాలు తల్లి నుంచే వస్తాయి కాబట్టి తండ్రి వైపు వెతికి లాభం లేదు. మేనమామలకు, పెద్దమ్మ, పిన్నమ్మల కొడుకులకు, అమ్మమ్మ అన్నదమ్ములకు చిన్న వయసులోనే చూపు పోయిందేమో అడగండి. "మా మామయ్యకు చిన్నప్పుడు జ్వరం వచ్చి కళ్ళు పోయాయట" అనే సగం జ్ఞాపకం కూడా వైద్యుడికి పనికొస్తుంది. ఆ జబ్బున్న మగవాడి పిల్లలకు ఇది సంక్రమించదు. ఆడవారి ద్వారా మార్పు పిల్లలందరికీ చేరినా అందరి చూపూ పోదు. మగపిల్లలకు ముప్పు ఎక్కువ, పొగ తాగేవారికి మరీ ఎక్కువ. రక్త పరీక్షతో తేలిపోతుంది కాబట్టి అనుమానం ఉంటే పరీక్ష పేరు మీరే ప్రస్తావించండి. యూరప్‌లో 2015లో ఇడెబెనోన్ అనే మందుకు అనుమతి లభించింది. 14484 మార్పు ఉన్నవారిలో కొందరికి చూపు దానంతట అదే కొంత తిరిగి వస్తుంది. మూల కణాల ఇంజెక్షన్‌తో నరం మొలిపిస్తామని లక్షలు అడిగేవారి దగ్గరకు మాత్రం వెళ్ళవద్దని గట్టిగా చెప్తాను.

మన ప్రాంతంలో మేనరికాల సంగతి కూడా దీనికి జతచేసి అడుగుతారు. లేబర్ జబ్బుకు మేనరికంతో సంబంధం లేదు. మేనరికం ముప్పు పెంచేది తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్ఠమైన జన్యువు వస్తేనే బయటపడే జబ్బుల్లో. రెటినైటిస్ పిగ్మెంటోసాలో చాలా రకాలు అలాంటివే. మొదట రేచీకటి, సినిమా హాల్లో మెట్లు తడబడడం, తరువాత గొట్టంలోంచి చూస్తున్నట్టు పక్క చూపు కుంచించుకుపోవడం దాని తీరు. దీనికి మందు లేదని ఒక్క మాటలో పంపేస్తే ఒప్పుకోవద్దు. రెటీనా మధ్యలో వాపు ఉంటే దానికి మందులున్నాయి, శుక్లం తోడైతే ఆపరేషన్ ఉంది, వినికిడి తగ్గుతుంటే చూపు, వినికిడి రెండూ తగ్గే అషర్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు కోసం చూడాలి, ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపం ఉన్నవారికి అమెరికాలో 2017లో జన్యు చికిత్స ఆమోదం పొందింది. ఆ చికిత్స మిగతా జన్యువుల లోపాలకు పనికిరాదు కాబట్టి ముందు ఏ జన్యువో తెలియాలి.

మందుల సంచి ముందు పెట్టుకోండి

వాడుతున్న ప్రతి మాత్ర, ఆకు పొడి, చర్మానికి పూసే క్రీము, ఇన్‌హేలరు, కంటి చుక్కలు ఒక సంచిలో వేసి వైద్యుడి ముందు పోయండి. క్షయకు వాడే ఇథాంబ్యుటాల్ కొందరిలో రెండు కళ్ళ నడిమి చూపునూ, ముందుగా రంగులను గుర్తించే శక్తినీ దెబ్బతీస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ముప్పు ఎక్కువ. మందు మొదలుపెట్టే రోజే కంటి పరీక్ష చేయించి, ఆ తరువాత ప్రతి నెలా ఇంట్లో కుంకుమ పరీక్ష చేసుకోండి. తేడా కనిపిస్తే అదే రోజు క్షయ వైద్యుడికి చెప్పాలి. క్షయ మందులన్నీ మీ అంతట మీరు ఆపేస్తే అది మరొక ప్రమాదం. మొండి క్షయకు ఇచ్చే లినెజోలిడ్ కూడా నరాన్ని దెబ్బతీయగలదు. కీళ్ళవాతానికి, శరీర రక్షణ వ్యవస్థ తన మీదే తిరగబడే లూపస్‌కు ఏళ్ళ తరబడి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారు మొదటి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్ళు దాటాక ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలి. రోజుకు కిలో బరువుకు ఐదు మిల్లీగ్రాములు మించకుండా మోతాదు ఉందో లేదో అడగండి.

స్టెరాయిడ్ల సంగతి వేరు. చుక్కల రూపంలో నెలల తరబడి వేస్తే కంటి ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండా, నీటికాసులతో చూపు పోతుంది. వేసవి రాగానే కళ్ళు దురదపెట్టే పిల్లలకు ఏటా పాత చీటీతో అవే చుక్కలు కొని వేసే తల్లిదండ్రులకు ఇది చెప్పేవారు లేరు. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అనే పేర్లలో ఏదైనా ఉంటే వైద్యుడు రాసిన గడువు దాటి వేయవద్దు. మాత్రలు, ఇన్‌హేలర్లు, క్రీములు, ఏముందో చెప్పని ఒళ్ళునొప్పుల పొడుల్లో కలిపిన స్టెరాయిడ్లు, ముప్పై నలభై ఏళ్ళ మగవారిలో రెటీనా కింద నీరు చేరేలా చేయగలవు. మధ్యలో గుండ్రటి బూడిదరంగు మచ్చ, వస్తువులు చిన్నవిగా కనిపించడం దాని లక్షణాలు. స్టెరాయిడ్ ఆపితే చాలామందికి మూడు నాలుగు నెలల్లో తగ్గుతుంది. అయితే మింగే స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. వైద్యుడి లెక్క ప్రకారమే తగ్గించాలి.

కల్తీ సారా తాగినవారికి కొన్ని గంటల నుంచి ఒక రోజు తరువాత కళ్ళ ముందు మంచు కురిసినట్టు తెల్లగా కమ్మితే అది మిథనాల్ విషం. కంటి ఆసుపత్రికి కాదు, 108కు ఫోన్ చేసి డయాలసిస్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చూపుతో పాటు ప్రాణం కూడా పోయే స్థితి అది.

కంట్లో పడినప్పుడు: సున్నం, జిల్లేడు పాలు, వరి ఆకు

మూడింటికీ మూడు తీర్లున్నాయి. తాంబూలానికో ఖైనీకో తెచ్చిన సున్నం ప్యాకెట్టును పిల్లలు నొక్కి ఆడుకుంటుంటే పగిలి నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. ఆమ్లం తాను తాకిన మాంసకృత్తులను గడ్డకట్టించి కొంతవరకు తనకు తానే అడ్డుగోడ కట్టుకుంటుంది. సున్నం లాంటి క్షారం కణాల పొరల్లోని కొవ్వును సబ్బులా మార్చి లోపలికి దిగుతూనే ఉంటుంది. అందువల్ల చికిత్స మీ ఇంటి కుళాయి దగ్గరే మొదలవ్వాలి. పిల్లవాడి తల పక్కకు వంచి, రెప్పలు బలవంతంగానైనా విప్పి, కనీసం అరగంట ధారగా నీళ్ళు పోయండి. రెప్పల లోపల ఇరుక్కున్న ముక్కలను తడి దూదితో తీయండి. నిమ్మరసం, వెనిగర్ వేసి సున్నాన్ని విరగ్గొట్టాలని చూడవద్దు. కడగకుండా ఆసుపత్రికి పరుగెత్తితే, దారిలో పోయిన ప్రతి నిమిషమూ కార్నియా మీద తెల్లగా మిగిలిపోతుంది.

జిల్లేడు పాలు మోసం చేస్తాయి. రథసప్తమి నాడు తల మీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేస్తాం, వినాయకచవితి పత్రిలోనూ ఆ ఆకు ఉంటుంది. తుంచిన చేత్తో కన్ను తుడుచుకుంటే పాలు లోపలికి పోతాయి. కన్ను కొంచెం ఎర్రబడుతుంది, నొప్పి పెద్దగా ఉండదు, కొన్ని గంటల తరువాత మాత్రం చూపు బాగా మసకబారుతుంది. కార్నియా వెనుక వైపు నుంచి నీటిని తోడి దాన్ని పారదర్శకంగా ఉంచే కణాలను ఆ పాలు దెబ్బతీసి, కార్నియా ఉబ్బేలా చేస్తాయి. వెంటనే నీళ్ళతో బాగా కడిగి, నొప్పి లేదు కదా అని ఆగకుండా కంటి వైద్యుడి దగ్గరకు వెళ్ళి, పడింది జిల్లేడు పాలని చెప్పండి. సకాలంలో చికిత్స జరిగితే చాలామందికి చూపు తిరిగి వస్తుంది. ఆకులు కోసిన వెంటనే చేతులు కడుక్కోవడం తప్ప ఆచారం మానవలసిన పనేమీ లేదు.

వరి ఆకు, గడ్డి పోచ, మొక్కజొన్న ఆకు గీసుకున్న కన్ను మొదటి రోజు పెద్దగా బాధించకపోవచ్చు. వారం లోపల నల్లగుడ్డు మీద ఈకల అంచులున్న బూడిదరంగు మచ్చ లేస్తే అది బూజు తెగులు, అంటే ఫంగస్ పుండు. మన పల్లెల్లో "కంట్లో పువ్వు వేసింది" అనే కేసుల్లో ఇవి ఎన్నో ఉన్నాయి. ఇక్కడ చేయకూడనివే ముఖ్యం: ఆకు పసరు, చనుబాలు, ఆముదం వేయకండి, నాలుకతో నలుసు తీయించకండి, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు అసలే వేయకండి, అవి ఎరుపును తగ్గించి బూజును పెంచుతాయి. పుండు నుంచి కొంచెం గీసి సూక్ష్మదర్శినిలో చూసే చోటికే వెళ్ళండి. బూజును చంపే నాటమైసిన్ చుక్కలు మొదట్లో గంటకొకసారి, కొన్ని వారాలపాటు వేయాల్సి ఉంటుంది కాబట్టి, కోతల కాలమైనా సరే ఇంట్లో ఒకరు ఆ పని మీద ఉండేలా ముందే ఒప్పందం చేసుకోండి.

పిల్లల విషయంలో

ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో ఒక కనుపాప ఎర్రగా, రెండోది తెల్లగా మెరిస్తే ఆ ఫోటోను చెరిపేయకుండా వైద్యుడికి చూపించండి. ఐదేళ్ళలోపు పిల్లల్లో అది రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్‌కు గుర్తు కావచ్చు. కొత్తగా వచ్చిన మెల్లకన్ను కూడా అంతే. "మెల్ల అదృష్టం" అన్న మాట ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ముప్పై నాలుగు వారాల లోపు గానీ, రెండు కిలోల లోపు బరువుతో గానీ పుట్టిన బిడ్డకు ముప్పై రోజులు నిండేలోగా రెటీనా పరీక్ష జరగాలి. మరీ ముందుగా పుట్టినవారికి రెండు మూడు వారాలకే. ఆసుపత్రి వారు చెప్పకపోయినా మీరు అడగండి. సందెవేళ తడబడే పిల్లవాడికి తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లతో మొదలై ఐదేళ్ళ దాకా ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్లుగా ఇచ్చే విటమిన్ ఏ మోతాదులు అందాయో లేదో టీకాల కార్డులో చూడండి.

ఆసుపత్రిలో

కనుపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది కాబట్టి తోడుగా ఒకరిని తీసుకెళ్ళండి, బండి నడపవద్దు. ఆ చుక్కలు వేయకుండా అద్దాల నంబరు మాత్రమే చూసి పంపేస్తే రెటీనా పరీక్ష జరగలేదని అర్థం. మీరు ఇంట్లో రాసుకున్న కాగితం ఇచ్చి, ఇవి అడగండి: లోపం కార్నియాలోనా, రెటీనాలోనా, నరంలోనా, మెదడులోనా? జబ్బు పేరు ఏమిటి, చీటీ మీద రాసి ఇస్తారా? రెండో కంటికి ముప్పు ఉందా? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పరీక్ష చేయించుకోవాలా? అరుదైన జబ్బులకు అన్ని విభాగాలూ ఒకే చోట ఉన్న సంస్థలు మేలు. 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు విశాఖపట్నం, విజయవాడల్లో కేంద్రాలు, పల్లెల్లో ప్రాథమిక దృష్టి కేంద్రాలు ఉన్నాయి. ప్రభుత్వ రంగంలో హైదరాబాదు మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నాయి.

చూపు తిరిగి రాదని తేలితే లో విజన్ విభాగానికి పంపమని అడగండి. మిగిలిన చూపును వాడుకునే భూతద్దాలు, ఫోన్‌లో చదివి వినిపించే ఏర్పాట్లు, కర్రతో నడక అక్కడ నేర్పుతారు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం సరిచేసిన మెరుగైన కంటిలో చూపు 3/60 (మామూలు కన్ను అరవై మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని మూడు మీటర్ల నుంచి చదవడం) కంటే తక్కువైనా, దృష్టి పరిధి పది డిగ్రీల లోపుకు కుంచించుకుపోయినా అంధత్వంగా లెక్కిస్తారు. అక్షరాలు చదవగలిగే రెటినైటిస్ రోగికి ఈ రెండో నియమం వర్తించవచ్చు కాబట్టి, ధ్రువపత్రానికి వెళ్ళేటప్పుడు దృష్టి పరిధి పరీక్ష కాగితం తప్పక వెంట ఉంచుకోండి.

ఒక చివరి సంగతి ఇంట్లోని పెద్దల గురించి. చూపు బాగా తగ్గిన ముసలివారు కొందరు, గోడ మీద తీగలు పాకుతున్నాయనో, పట్టుబట్టలు కట్టిన చిన్న పిల్లలు వరుసగా కూర్చున్నారనో చెప్తారు. స్విట్జర్లాండుకు చెందిన చార్లెస్ బోనే 1760లో తన తాతగారికి ఇలా కనిపించడం గురించి రాశాడు. ఈ స్థితికి ఆయన పేరే ఉంది. కంటి నుంచి కబురు అందని మెదడు తానే బొమ్మలు అల్లుకుంటుంది. అవి మాట్లాడవు, కనిపించేవి నిజం కావని ఆ పెద్దలకూ తెలుసు, కాని పిచ్చి పట్టిందంటారనో, గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారనో నోరు విప్పరు. మీరే మెల్లగా అడగండి. బొమ్మలు వచ్చినప్పుడు గదిలో దీపం వేసి, తల కదపకుండా కళ్ళను మాత్రం కుడికీ ఎడమకూ నాలుగైదుసార్లు తిప్పమని చెప్పండి; చాలాసార్లు అవి చెదిరిపోతాయి. మాటలు కూడా వినిపిస్తున్నాయన్నా, అవి నిజమేనని నమ్ముతున్నా అది వేరే సమస్య, అప్పుడు నరాల వైద్యుడికో మానసిక వైద్యుడికో చూపించాలి.